కోళ్ల షెడ్డు కింద రన్‌వే

పోయిన నెల ఈ పేజీలో ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న లింకన్‌షైర్ గురించి రాస్తూ, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆ ఒక్క కౌంటీలోనే 49 మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్‌లు ఉండేవనీ, ఇప్పుడు వాటిలో చాలావాటి మీద గోధుమలు పండుతున్నాయనీ ఒక్క వాక్యం వదిలాను. ఆ వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు నేను కష్టపడి రాసిన మిగతా రెండు పేజీలకూ కలిపి రాలేదు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే. ప్రశ్నల్ని కాస్త కుదించాను, తిట్లను మాత్రం కుదించలేదు.

ప్ర: ఒక జిల్లాలో 49 ఎయిర్‌ఫీల్డ్‌లా? అది 4 లేక 9 అయ్యుంటుంది, మీ ప్రెస్సువాళ్లు రెండూ కలిపి కొట్టేశారు. అవునా?
– కె.ఆర్., ఒంగోలు

జ: పాపం ప్రెస్సువాళ్ల తప్పేం లేదండీ, 49 నిజమే. పైగా లింకన్‌షైర్ మొత్తం కలిపినా మీ పాత ప్రకాశం జిల్లాలో సగం కూడా రాదు. కారు ఎక్కి ఎటు పోయినా పది నిమిషాలకోసారి ఒక పాత ఎయిర్‌ఫీల్డ్ పక్కనుంచి వెళ్తూనే ఉంటాం, చాలాసార్లు ఆ సంగతి మనకే తెలియదు.

ఎందుకక్కడే అంటే, ముందు ఆ నేల వల్ల. జర్మనీ వైపు తిరిగి ఉన్న తీరం, బల్లపరుపు భూమి, పెద్ద ఊళ్లు లేవు, లింకన్ పట్నానికి ఉత్తరంగానూ దక్షిణంగానూ మైళ్ల తరబడి సాగే ఓ సున్నపురాయి మెరక. ఆ మెరకను అక్కడివాళ్లు క్లిఫ్ అంటారు, పేరు విని కొండచరియ ఊహించుకోకండి, సైకిల్ మీద వెళ్తే ఆయాసం వచ్చేంత ఎత్తు, అంతే. వాన నీళ్లు నిలవవు, గాలి బాగా తగులుతుంది. స్కాంప్టన్, వాడింగ్టన్, హెమ్స్‌వెల్ ఆ మెరక మీదివే. మొదట్లో అవి గడ్డి మైదానాలు. తర్వాత నాలుగింజన్ల లాంకాస్టర్ లాంటి బాంబర్లు వచ్చాయి, బాంబులూ పెట్రోలూ నింపుకున్నాక గడ్డిలో కూరుకుపోయే బరువు, దాంతో కాంక్రీటు తప్పలేదు.

అప్పుడు ప్రభుత్వం ఒక మూస తయారుచేసింది, పేరు క్లాస్ ఏ. మూడు రన్‌వేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ, పైనుంచి చూస్తే ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా కనబడతాయి. పెద్దది 2,000 గజాలు, మిగతా రెండూ 1,400 గజాలు, వెడల్పు 50 గజాలు. మూడెందుకంటే విమానం గాలికి ఎదురుగా లేవాలి, గాలి రోజూ ఒకే దిక్కునుంచి రాదు కదా. చుట్టూ ఒక రింగు రోడ్డు, దానికి కొమ్మలకు కాయల్లా విమానాలు నిలిపే గుండ్రటి కాంక్రీటు అరుగులు. ఒకచోట గుంపుగా పెడితే శత్రువు ఒక్క బాంబుతో అన్నిటినీ లేపేస్తాడని అలా విడివిడిగా పెట్టారు. 1942లో దేశం మొత్తం మీద సగటున మూడు రోజులకొక కొత్త ఎయిర్‌ఫీల్డ్ తయారైంది.

ఆ తొందరలో సౌకర్యాలు ఎవరు చూస్తారు? మనుషులకు సగం డ్రమ్ము బోర్లించినట్టుండే రేకుల షెడ్లు, మధ్యలో ఒక బొగ్గు పొయ్యి. లడ్‌ఫర్డ్ మాగ్నా అనే ఊళ్లో బురద ఎంతుండేదంటే అక్కడి సైనికులు దానికి మడ్‌ఫర్డ్ మాగ్నా అని పేరు పెట్టేశారు.

ప్ర: నేను లింకన్ దగ్గర కేర్ వర్కర్‌గా చేస్తున్నాను, రాత్రిళ్లు పల్లెల్లో పెద్దవాళ్ల ఇళ్లకు కారులో వెళ్లాలి. ఒకచోట సన్నటి రోడ్డు ఉన్నట్టుండి చాలా వెడల్పైపోయి, కాంక్రీటు పలకలు వచ్చి, కొంత దూరం పోయాక మళ్లీ సన్నబడిపోతుంది. చుట్టూ ఒక్క దీపం ఉండదు. మొదటి రోజు దారి తప్పాననుకుని ఏడుపొచ్చినంత పనైంది. ఏమిటది?
– పేరు వద్దన్నారు, లింకన్‌షైర్

జ: దారి తప్పలేదమ్మా, రన్‌వే మీదో, ఆ రింగు రోడ్డు మీదో పోతున్నావు. యుద్ధం అయ్యాక చాలాచోట్ల కౌంటీవాళ్లు కొత్త రోడ్డు వేసే ఖర్చెందుకని ఉన్న కాంక్రీటునే రోడ్డుగా వాడేసుకున్నారు.

ఈసారి వెళ్లినప్పుడు రేడియో ఆపి చక్రాల చప్పుడు విను. టక్, టక్, టక్ అని ఒకే లెక్కలో వస్తుంది. పలకకూ పలకకూ మధ్య అతుకు అది. ఎండకు కాంక్రీటు సాగి పగలకుండా సందు వదిలి అందులో తారు పోశారు, ఎనభై ఏళ్లకు ఆ తారు ఎండిపోయి గడ్డీ నాచూ మొలిచాయి. నేను ఒకసారి పగటిపూట దిగి చూశాను, ఒక పలక మీద కాంక్రీటు ఆరకముందే నడిచిపోయిన కుక్క అడుగులు స్పష్టంగా ఉన్నాయి, నాలుగు పాదాలూ, ఒకచోట కాస్త జారినట్టు కూడా. పని చేయించే మేస్త్రీ దాన్ని ఎన్ని తిట్లు తిట్టాడో. వంగి ఫోటో తీస్తుంటే వెనకనుంచి ట్రాక్టర్ హారన్. పొలం ఆసామి దిగి, ఇది నా పొలం, ఇక్కడ చెరకుదుంప కుప్ప పోయాలి, నీ కారు తీస్తావా అన్నాడు. తీశాను. మన చెరకు కాదు, బీట్‌రూట్‌కు తెల్ల చెల్లెలి లాంటి షుగర్ బీట్, శీతాకాలంలో లారీ వచ్చేదాకా దాన్ని కుప్ప పోయడానికి పాత రన్‌వేని మించిన కళ్లం ఉండదు.

అందుకే చెప్తున్నాను, పబ్లిక్ రోడ్డు మీద నుంచి చూడు, కాలిబాట బోర్డు ఉంటే నడువు, అంతకుమించి లోపలికి వెళ్లకు.

స్కాంప్టన్ పక్కన ఏ15 రోడ్డు మీద వెళ్తే ఇంకో తమాషా. రోమన్లు వేసిన దారి అది, లింకన్ నుంచి ఉత్తరానికి తాడు లాగి గీసినట్టు ఉంటుంది. స్కాంప్టన్ దగ్గరకొచ్చేసరికి మాత్రం విల్లులా వంగుతుంది. 1950ల్లో వల్కన్ అనే అణు బాంబర్ల కోసం రన్‌వే పొడుగు పెంచాల్సి వచ్చి, రోడ్డునే పక్కకు నెట్టారు. దాదాపు రెండు వేల ఏళ్లు తిన్నగా ఉన్న దారి ఒక విమానం కోసం వంగింది.

ప్ర: ఎయిర్‌ఫీల్డ్ కట్టారు, యుద్ధం అయిపోయింది. మరి భూమి రైతుకు తిరిగి ఇచ్చారా లేదా? అది రాయకుండా మిగతావన్నీ రాశారు. మా నాన్నకు చెందిన మూడెకరాలు ప్రాజెక్టు కింద పోయాయి, ఆ ప్రాజెక్టు రాలేదు, పొలమూ రాలేదు. అందుకే అడుగుతున్నాను.
– బి.ఎన్., కర్నూలు జిల్లా

జ: మీరు అడిగిందే అసలు ప్రశ్న, రాయకపోవడం నా తప్పు.

అక్కడ భూమి రెండు రకాలుగా పోయింది. యుద్ధం కోసం తాత్కాలికంగా స్వాధీనం చేసుకున్నది ఒకటి. హక్కు రైతుదే, వాడుకున్నన్నాళ్లూ పరిహారం కట్టి, అయిపోయాక వెనక్కిస్తారు. రెండోది ఏకంగా కొనేసినది, అమ్మనంటే కుదరదు. మొదటి రకం చాలావరకు వెనక్కి వచ్చింది, కానీ వచ్చింది పొలం కాదు, పొలం మీద లక్ష టన్నుల కాంక్రీటు. దున్నాలంటే నాగలి దిగదు. పగలగొట్టించాలంటే పొలం ఖరీదుకన్నా కూలి ఎక్కువ. కొందరు ఏళ్ల తరబడి ఆగారు, తర్వాత రోడ్లు వేసే కాంట్రాక్టర్లకు కంకర కావాల్సి వచ్చి వాళ్లే వచ్చి పగలగొట్టి పట్టుకుపోయారు. కొత్త హైవేల కింద ఎన్ని పాత రన్‌వేలు పడుకుని ఉన్నాయో. మిగిలినవాళ్లు తెలివిగా ఆలోచించారు. పునాది ఉచితంగా దొరికింది, చదునుగా ఉంది, లారీ నడుస్తుంది, ఇంకేం కావాలి? వరుసగా కోళ్ల షెడ్లు వేసేశారు. గూగుల్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి తూర్పు ఇంగ్లండ్ చూడండి, పొలాల మధ్య పొడుగాటి షెడ్లు ఒకే గీత మీద వరుసగా కనబడితే ఆ గీత రన్‌వే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఇక రెండో రకం, కొనేసిన భూమి. దాని మీద పెద్ద గొడవే అయింది, లింకన్‌షైర్‌లో కాదు, దక్షిణాన డోర్సెట్‌లో. క్రిచెల్ డౌన్ అనే చోట 725 ఎకరాలు 1938లో బాంబుల ప్రాక్టీసు కోసమని బలవంతంగా కొన్నారు. అవసరం తీరాక తిరిగి ఇచ్చేస్తామని 1941లో చర్చిల్ పార్లమెంటులో మాటిచ్చాడు. అవసరం తీరింది, మాట మాత్రం అధికారులు మర్చిపోయారు. భూమిని వ్యవసాయ శాఖకు బదిలీ చేశారు, వాళ్లు దాన్ని బాగుచేసి వేరే కౌలుదారుకు ఇవ్వబోయారు. పాత యజమాని కూతురూ ఆమె భర్తా వదల్లేదు, విచారణ వేయించారు, అధికారుల వ్యవహారం బయటపడింది, 1954 జులైలో వ్యవసాయ మంత్రి సర్ థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశాడు. 725 ఎకరాల కోసం ఒక మంత్రి ఇంటికి పోయాడు! అప్పట్నుంచి అక్కడ ఒక పద్ధతి, ప్రభుత్వం నిర్బంధంగా తీసుకున్న భూమి అక్కర్లేకుండా పోతే అమ్మేముందు పాత యజమానిని లేదా వారసుల్ని అడగాలి. ఊరికే ఇవ్వరు, ఆనాటి మార్కెట్ రేటు కట్టాలి. పైగా భూమి రూపమే మారిపోయి ఉంటే ఆ అవకాశమూ ఉండదు.

మన దగ్గర 2013 భూసేకరణ చట్టంలో 101వ సెక్షన్ ఉంది. స్వాధీనం చేసుకున్నాక ఐదేళ్లు వాడకపోతే భూమిని అసలు యజమానికి లేదా వారసులకు, "లేదా" ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకు ఇవ్వాలంటుంది. రెండో "లేదా"ను కొటేషన్‌లో ఎందుకు పెట్టానో మీకు నేను చెప్పాలా? మీ నాన్నగారి భూమి ఏ చట్టం కింద, ఏ సంవత్సరం పోయిందో దాన్నిబట్టి సంగతి మారుతుంది, అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) కాపీ తీసుకుని భూసేకరణ కేసులు చూసే లాయర్‌ను ఒకసారి కలవండి. నేను కాలమ్ రాసేవాణ్ణే గానీ ప్లీడర్ను కాదు.

కోళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఈస్ట్ కర్క్‌బీ అనే పాత బాంబర్ స్టేషన్‌లో ఫ్రెడ్, హెరాల్డ్ పాంటన్ అనే అన్నదమ్ములు కోళ్ల ఫారం నడిపేవారు. వాళ్ల పెద్దన్న క్రిస్టఫర్ బాంబర్‌లో ఫ్లైట్ ఇంజనీర్. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ ఒక్క రాత్రే బ్రిటన్ 95 బాంబర్లు పోగొట్టుకుంది. ఆయన ఎగిరింది ఈ ఊరి నుంచి కాదు, యార్క్‌షైర్ నుంచి. కానీ తమ్ముళ్లకు దొరికిన ఎయిర్‌ఫీల్డ్ ఇదే. కంట్రోల్ టవర్ బాగుచేశారు, ఒక లాంకాస్టర్ విమానం కొనాలనుకున్నారు. 1972 వేలంలో దక్కలేదు. పట్టు వదలకుండా 1983లో అదే విమానాన్ని కొన్నారు, గుడ్లూ కోళ్లూ అమ్మిన డబ్బుతో! 1988లో మ్యూజియం తెరిచారు. దేశంలో ఇన్ని శాఖలూ సంస్థలూ ఉండగా ఒక ఎయిర్‌ఫీల్డ్‌ను అన్న కోసం కాపాడింది ఇద్దరు కోళ్ల రైతులు.

ప్ర: నిజాం నవాబు ఇంగ్లండ్‌కు యుద్ధ విమానాలు ఇచ్చాడని మా ప్రొఫెసర్ అన్నారు, క్లాసంతా నవ్వాం. నిజమేనా? లింకన్‌షైర్‌తో ఏమైనా లింకు ఉందా?
– ఎస్., ఉస్మానియా క్యాంపస్, హైదరాబాద్

జ: మీ ప్రొఫెసర్ దగ్గరకు వెళ్లి సారీ చెప్పండి. 1918లో బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు, అంటే విమాన దళానికి, డీహెచ్-9ఏ రకం బాంబర్లు కొనడానికి డబ్బిచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీద ఆ మాట రాసి ఉండేది, స్క్వాడ్రన్ పేరు పక్కన 'హైదరాబాద్' చేరింది. రెండో యుద్ధంలో ఇంకో రెండు స్క్వాడ్రన్లకు ఆ పేరు వచ్చింది, 152, 253. 152వ స్క్వాడ్రన్ ముద్ర ఏమిటో తెలుసా, నిజాం తలపాగా! కింద "నమ్మకమైన మిత్రుడు" అని ఇంగ్లీషులో ఉంటుంది. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానంలో కూర్చున్న ఇంగ్లీషు కుర్రాడికి ఆ తలపాగా ఎవరిదో ఎంతవరకు తెలుసో మరి.

లింకన్‌షైర్ లింకు 253కి ఉంది. ఫ్రాన్స్‌లో దెబ్బతిని 1940 మే చివర్లో వాళ్లు వచ్చి దిగింది కర్టన్ ఇన్ లిండ్సేలో. కొన్ని వారాలు ఊపిరి పీల్చుకుని వెళ్లి, ఆగస్టు చివర్లో లండన్ దక్షిణాన కెన్లీ నుంచి 'బ్రిటన్ యుద్ధం'లో, అంటే బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలతో జరిగిన పోరులో దిగారు. 1941 సెప్టెంబర్లో మళ్లీ లింకన్‌షైర్‌కే వచ్చారు, ఈసారి హిబల్‌స్టో అనే ఊరికి, రాత్రి కాపలాకు. అక్కడ వాళ్లతో ఒక వింత ప్రయోగం చేయించారు. ఒక పెద్ద విమానం ముక్కుకు బ్రహ్మాండమైన సెర్చిలైటు బిగించి, అది శత్రు విమానాన్ని రాడార్‌తో వెతికి లైటు వేస్తే, పక్కనే చీకట్లో ఎగురుతున్న హరికేన్ అనే చిన్న యుద్ధ విమానం వెళ్లి కాల్చాలి. మన ఊళ్లో రాత్రిపూట కుందేళ్ల వేటకు టార్చి పట్టుకెళ్లే లెక్క. చీకట్లో రెండు విమానాలు ఒకదాన్నొకటి వదలకుండా ఎగరడమే గండం, లైటు వేస్తే మనవాడి కళ్లే ముందు బైర్లు కమ్మేవి. పెద్దగా ఫలితం లేక 1943 జనవరిలో దాన్ని చాపచుట్టేశారు.

హిబల్‌స్టోలో ఇప్పుడు స్కైడైవింగ్ నడుస్తోంది. డబ్బు కట్టి విమానంలోంచి దూకొచ్చు. ఆ ఊళ్లో 'హైదరాబాద్' పేరుతో ఒక స్క్వాడ్రన్ ఉండేదంటే దూకేవాళ్లూ నమ్మరు, ఇక్కడ మీరూ నమ్మలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఆ చెక్కు మీద సంతకం నిజాందే అయినా ఖజానా నిండింది నల్గొండ, వరంగల్, మెదక్ రైతులు కట్టిన శిస్తుతో కూడా.

ప్ర: బాంబులు వేసి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టినవాళ్లను పండగలా వర్ణించారు. జర్మనీలో చచ్చింది మనుషులు కాదా? మీ దగ్గర ఇది ఊహించలేదు.
– పి.ఎల్.ఎన్., రాజమండ్రి

జ: ఊహించాల్సిందే, పోయిన నెల నేను ఒక వైపే రాశాను. స్కాంప్టన్ నుంచి 1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్లు వెళ్లి జర్మనీ డ్యాములు కొట్టిన కథ చెప్తూ, 8 విమానాలు తిరిగి రాలేదనీ 53 మంది పోయారనీ రాశాను. డ్యాములు తెగి వచ్చిన వరదలో 1,300 మందికి పైనే చనిపోయారని రాయలేదు. వాళ్లలో చాలామంది జర్మన్లు కూడా కారు, తూర్పు దేశాల నుంచి పట్టుకొచ్చి పని చేయించుకుంటున్న నిర్బంధ కూలీలు, ఎక్కువగా ఆడవాళ్లు. ఎవరి యుద్ధమో, ఎవరి డ్యామో, చచ్చింది వీళ్లు.

ఎగిరినవాళ్ల లెక్క కూడా చూడండి. బాంబర్ కమాండ్ అంటే బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌లో బాంబర్లు నడిపే విభాగం, అందులో 1,25,000 మంది విమాన సిబ్బంది పనిచేస్తే 55,573 మంది చనిపోయారు. సగానికి కొంచెం తక్కువ. చాలామందికి పాతికేళ్లు కూడా లేవు. లింకన్ పట్నం బయట స్కెల్లింగ్‌థార్ప్ నుంచి ఎగిరిన లెస్లీ మాన్సర్‌కు ఇరవై ఏళ్లు, 1942లో కొలోన్ మీదికి వెళ్లి, కాలిపోతున్న విమానాన్ని తన సిబ్బంది దూకేదాకా నిలబెట్టి తాను పోయాడు. ఆ ఎయిర్‌ఫీల్డ్ ఇప్పుడు బర్చ్‌వుడ్ అనే కాలనీ, అక్కడి ప్రైమరీ స్కూలుకు ఆయన పేరే.

లింకన్ శివార్లో 2018లో ఒక స్మారక కేంద్రం తెరిచారు, పేరు ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్. మధ్యలో ఇనుప స్తంభం, 102 అడుగులు, లాంకాస్టర్ రెక్కల పొడవు అంతే. చుట్టూ ఉక్కు గోడల మీద దాదాపు 58,000 పేర్లు. కింద పడ్డ బాంబుల గురించి జర్మనీ వాళ్లు చెప్పిన మాటలు కూడా లోపల వినిపిస్తారు. మీ ఉత్తరం చదివాక నాకు అది గుర్తొచ్చింది, పోయిన నెలే గుర్తు రావాల్సింది.

ప్ర: అక్కడ అణుబాంబులు ఉండేవా? నేను నేవీలో చేసి రిటైరయ్యాను, చదివింది సరిచూసుకుందామని.
– ఒక మాజీ నావికుడు, విశాఖపట్నం

జ: ఉండేవి సార్. ఫాల్డింగ్‌వర్త్ అనే ఊళ్లో యుద్ధకాలంలో పోలిష్ స్క్వాడ్రన్ ఉండేది. 1950ల్లో అదే చోటును అణుబాంబుల గోదాముగా మార్చారు. ఆ తర్వాత అమెరికా ఇచ్చిన థోర్ క్షిపణులు వచ్చాయి, 1959 నుంచి 1963 దాకా. దేశంలో 20 చోట్ల మూడేసి చొప్పున 60. లింకన్‌షైర్‌లో హెమ్స్‌వెల్, బార్డ్‌నీ, కైస్టర్, కోల్‌బీ గ్రేంజ్, లడ్‌ఫర్డ్ మాగ్నా, ఫోకింగ్‌హామ్, అన్నీ యుద్ధకాలం నాటి పాత ఎయిర్‌ఫీల్డ్‌లే. రెండు తాళాల పద్ధతి, ఒకటి బ్రిటిష్ ఆఫీసర్ దగ్గర, ఒకటి అమెరికన్ ఆఫీసర్ దగ్గర, ఇద్దరూ తిప్పితేనే పని జరుగుతుంది. 1962 అక్టోబర్లో క్యూబాలో రష్యా క్షిపణుల మీద అమెరికాకూ రష్యాకూ గొడవైనప్పుడు వీటిని కూడా సిద్ధం చేసి పెట్టారు, పక్క పొలంలో రైతు మామూలుగా దున్నుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు హెమ్స్‌వెల్‌లో పాత సామాన్ల బజారు. సైనికుల బ్యారక్‌ల నిండా బీరువాలు, గడియారాలు, పింగాణీ పళ్లాలు. బేరం ఆడొచ్చు, మనవాళ్లలా సగానికి అడిగితే మాత్రం మొహం మాడుస్తారు.

పొలాల మధ్య ఎత్తుగా పచ్చ రంగు ఇనుప మూత, పక్కన గాలి గొట్టం లాంటిది కనబడితే అది అబ్జర్వర్ కోర్ పోస్టు. నిచ్చెన దిగితే చిన్న కాంక్రీటు గది, అణుబాంబు పడితే ముగ్గురు వాలంటీర్లు అందులో కూర్చుని ఎక్కడ పడింది, ఎంత రేడియేషన్ అని ఫోన్‌లో చెప్పాలి. దేశం మొత్తం మీద 1,500 పైచిలుకు కట్టారు, 1991లో ఆఖరివి మూసేశారు. పైన అందరూ పోయాక ఆ ముగ్గురూ ఎవరికి ఫోన్ చేస్తారన్నది నా డౌటు.

ప్ర: అక్కడ దెయ్యాలు తిరుగుతాయట కదా?
– ఏడో తరగతి, తెనాలి

జ: తిరుగుతాయని చెప్పేవాళ్లు ప్రతి ఎయిర్‌ఫీల్డ్ పక్క పబ్బులోనూ ఇద్దరైనా ఉంటారు నాన్నా, రాత్రి పది దాటాక ఇంకా ఎక్కువమంది ఉంటారు. నేను చాలాసార్లు వెళ్లాను, నాకు గుడ్లగూబ కనబడింది, ఒకసారి నక్క.

ప్ర: మన దగ్గర ఇలాంటివి లేవా?
– టి.వి., హనుమకొండ

జ: మీ పక్కనే ఉంది కదండీ మామునూరు, నిజాం కాలంలో 1930లో మొదలై 1981 దాకా విమానాలు దిగిన చోటు, మళ్లీ తెరిచే ప్రయత్నం నడుస్తోంది. ప్రకాశం జిల్లా దొనకొండలో బ్రిటిష్‌వాళ్ల కాలం నాటి రన్‌వే ఉంది. ఈ రెంటి గురించి విడిగా రాయాలి, అక్కడ పనిచేసిన పెద్దవాళ్లో, వాళ్ల పిల్లలో ఎవరైనా ఉంటే ఈ పేజీకి ఉత్తరం రాయండి. కాగితాల్లో దొరకనిది వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

ప్ర: నవంబర్లో అమ్మానాన్నలు విజయవాడ నుంచి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నకు విమానాల పిచ్చి, అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరినీ ఒకే ట్రిప్పులో సంతోషపెట్టే దారి చెప్పండి. రెండు రోజులే సెలవు.
– ఎం., నాటింగ్‌హామ్

జ: కారు అద్దెకు తీసుకోమ్మా, ఆ పల్లెల్లో బస్సుల్ని నమ్ముకుంటే రెండు రోజులూ స్టాపులోనే అయిపోతాయి.

మొదటి రోజు ఈస్ట్ కర్క్‌బీ. పాంటన్ సోదరుల లాంకాస్టర్, ముద్దుపేరు జస్ట్ జేన్, కొన్ని రోజుల్లో నాలుగింజన్లూ వేసి మైదానంలో నడుపుతారు. ముందే ఫోన్ చేసి ఆ రోజు ఉందో లేదో కనుక్కో, చలికాలంలో తక్కువ. ఇంజన్లు ఒక్కొక్కటిగా అందుకుంటుంటే నేల అదురుతుంది, కాఫీ కప్పు సాసర్ మీద గలగలమంటుంది, మీ నాన్న ఇక భోజనానికి కూడా రాడు. అమ్మ క్యాంటీన్‌లో కూర్చోవచ్చు, లోపల వెచ్చగానే ఉంటుంది. మధ్యాహ్నం వుడ్‌హాల్ స్పా. డ్యాములు కొట్టిన 617వ స్క్వాడ్రన్ ఆఫీసర్లు తర్వాత ఉన్న ఇల్లు పెట్‌వుడ్, ఇప్పుడు హోటల్, అక్కడ టీ తాగండి. ఊరి మధ్యలో వాళ్ల స్మారకం తెగిన డ్యాము ఆకారంలోనే ఉంటుంది. ఆ ఊరి పాత ఎయిర్‌ఫీల్డ్‌లో కొంత ఇప్పుడు పక్షుల చెరువులు, కంకర తవ్వుకున్నాక నీళ్లు నిండాయి.

ఓపిక ఉంటే మెథరింగ్‌హామ్. పొగమంచు పట్టిన రాత్రి విమానాలు దిగడానికి రన్‌వే రెండు పక్కలా గొట్టాల్లో పెట్రోలు మండించేవారు, ఆ వేడికి మంచు కాస్త లేచేది. రేషన్‌లో పెట్రోలు దొరక్క జనం సైకిళ్లు తొక్కుతున్న కాలంలో! ప్రాణాలు మిగిలాయి కాబట్టి దాన్ని దుబారా అనడానికి నాకు నోరు రాదు.

రెండో రోజు పొద్దున్నే లింకన్ శివార్లోని ఆ 102 అడుగుల స్తంభం, లోపలంతా చదును నేలే, అమ్మకు ఇబ్బంది లేదు. అక్కణ్నుంచి తీరానికి, డోనా నూక్. నవంబర్ అన్నావు కాబట్టి చెప్తున్నాను, ఇది మాత్రం అమ్మ కోసం. సముద్రంలోంచి వేల కొద్దీ బూడిదరంగు సీల్ చేపలు ఒడ్డుకొచ్చి ఈనుతాయి (చేపలంటే ఊరుకోరు, క్షీరదాలు), ఏటా రెండు వేలకు పైగా పిల్లలు పుడతాయి, తెల్లటి దూదిపింజల్లా ఇసుకలో పడి ఉంటాయి. కంచె ఇవతలనుంచి చూడాలి, చెయ్యి చాచకూడదు, తల్లి కరుస్తుంది. అమ్మకు రెండు స్వెటర్లూ మంకీ క్యాపూ పెట్టు, ఆ గాలికి మన శాలువాలు చాలవు. అది ఇప్పటికీ ఎయిర్‌ఫోర్స్ వాళ్ల బాంబుల ప్రాక్టీసు రేంజి. వారం మధ్యలో వెళ్తే ఒక్కోసారి జెట్ ఒకటి నెత్తి మీదుగా చెవులు పగిలేలా పోతుంది, మనుషులంతా ఉలిక్కిపడి పైకి చూస్తారు, సీల్ తల్లులు మాత్రం పిల్లలకు పాలిస్తూ కళ్లు కూడా తెరవవు.